ముత్యం జరిపిన పొలిమేర

ఆ రోజు పొద్దున ముత్యం వేసుకున్న పథకం చాలా చిన్నది. మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్లి ఇంటిపన్ను కట్టాలి, వస్తూ వస్తూ అరకిలో వంకాయలు తేవాలి. ఏప్రిల్ నెలాఖరులోగా కట్టినవాళ్లకు పన్నులో తగ్గింపు ఉందని ఆటోకు మైకు కట్టి వీధివీధికీ చెప్పిపోయారు. తగ్గింపు అనే మాట చెవిన పడితే ఎవరికైనా సంతోషమే. ముత్యం మాత్రం, ఇంతగా పిలిచి తగ్గిస్తున్నారంటే ముందు ఎంత పెంచి ఉంటారో అని ఆలోచనలో పడ్డాడు.

అనుమానించడం అతని తప్పు కాదు, ఉద్యోగం. బొగ్గు గని గేటు దగ్గర సెక్యూరిటీ జమేదారుగా చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరయ్యాడు. షిఫ్టు దిగి వచ్చేవాళ్ల టిఫిన్ డబ్బాలు మూత తీయించి చూసేవాడు. సంచుల అడుగుదాకా చెయ్యి పెట్టేవాడు. నవ్వుతూ పలకరించినవాణ్ణి మాత్రం రెండుసార్లు తడిమేవాడు. ముత్యం డ్యూటీలో ఉండగా రాగితీగ ముక్క కూడా గేటు దాటదని కంపెనీలో పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం. "నా మీద ఒక్కడు వేలెత్తి చూపలే, నేను చూపని మనిషి లేడు" అని చుట్టాల పెళ్లిళ్లలో విస్తరి ముందు కూర్చుని కూడా చెప్పుకునేవాడు.

రిటైరయ్యాక కరీంనగర్ వైపు ఒక చిన్న టౌను చివరి వరుసలో జాగా కొని ఇల్లు కట్టుకున్నాడు. పుట్టింది మొదలు కంపెనీ క్వార్టర్లలో బతికిన మనిషి. అక్కడ నీళ్లు, కరెంటు, సున్నం అన్నీ కంపెనీయే చూసుకునేది. ఇంటికి పన్ను కట్టాలన్న సంగతి అతనికి సొంత ఇల్లు వచ్చాకే తెలిసింది, తెలిసినప్పటి నుంచి అది నిజమేనా అన్న అనుమానం తీరలేదు.

అతను గేటు తీసేసరికి ఎదురింటి కరుణాకర్ కారు తుడుచుకుంటున్నాడు. దుబాయిలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చి, ముందరంతా టైల్స్ అతికించి రెండంతస్తుల ఇల్లు కట్టినవాడు.

"కాకా, పొద్దుగాల్నే యాడికి బయలెల్లినవ్?"

"ఇంటిపన్ను కట్టేతందుకు. నువ్ కట్టినవా?"

"నిన్ననే అయిపాయె. పన్ను వసూల్ జేసే మా పంచాయతి కారోబార్ ఇంటికే వచ్చి తీసుకపోయిండు."

"ఎంతాయె?"

కరుణాకర్ ఎంతో చెప్పాడు. ముత్యం మళ్లీ అడిగాడు. కరుణాకర్ మళ్లీ అదే చెప్పాడు, పైగా నవ్వాడు. ఆ రెండంతస్తుల మేడకు కట్టింది, ముత్యం మూడు గదుల ఇంటికి కట్టాల్సిన దాంట్లో ఐదో వంతు కూడా లేదు. ముత్యం మున్సిపాలిటీకీ పోలేదు, వంకాయల దాకా కూడా పోలేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చాడు.

"దాల్ మే కుచ్ కాలా హై, పప్పుల ఏదో నల్లగున్నది" అన్నాడు భార్య బాలలక్ష్మితో.

"నేనింక పప్పే పెట్టలే. వంకాయలేవి?"

"వంకాయల సంగతి తర్వాత. ఆని మేడకు అంత తక్కువ, మన కొంపకు గింత ఎక్కువ. ఎట్లయితది?"

"అగో, తెల్వనట్టు అడుగుతవేంది! వాళ్లది కొత్తబాయిపల్లె, గ్రామపంచాయతి. మనది మున్సిపాల్టి. రోడ్డుకు అవుతల ఊరు, ఇవుతల టౌను. జాగ కొన్ననాడే చెప్పిండ్రు గద. టౌన్ల ఇల్లు అని మీసం దువ్వింది నువ్వే."

ముత్యం మీసం మీదికి పోయిన చెయ్యిని దింపుకున్నాడు. టౌనట! రోడ్డు ఒక్కటే, దుమ్ము ఒక్కటే, దోమలు రెండు వైపులా తిరుగుతాయి. గిరిగీసి ఇటువాడు ఇంత, అటువాడు అంత అనడానికి ఆ గీత గీసిందెవరు? మధ్యాహ్నం దాకా అరుగు మీద కూర్చుని ఎదురింటి వైపు చూశాడు. అప్పుడు కనబడింది రాయి.

కరుణాకర్ గేటు పక్కన, రోడ్డు అంచున, మోకాలెత్తు నల్లరాయి. సగం మట్టిలో ఉంది, ఎప్పుడో సున్నం పూసిన గుర్తులున్నాయి. ఇన్నాళ్లూ దాన్ని మనుషులు బీడీ ఆర్పుకునే రాయి అనుకున్నాడు. సాయంత్రం మాటల్లో పెట్టి అడిగాడు.

"గీ రాయేంది కరుణాకర్?"

"గదా? మా ఊరి పొలిమేర రాయి కాకా. గా రాయి దాకనే మా ఊరు. నా కారు తిప్పెటప్పుడల్లా బంపర్‌కు తాకుతది, పరేషాన్ అయితున్న. కానీ దాన్ని ముట్టుకునే దమ్ము ఎవనికుంది?"

దమ్మెందుకు, గడ్డపార చాలు అనుకున్నాడు ముత్యం. వచ్చేవారం మున్సిపాలిటీవాళ్లు చివరి వరుస ఇళ్లను కొత్తగా కొలుస్తారని ఆటో మైకులో వినే ఉన్నాడు. కొలిచేవాళ్లు హద్దురాయి చూడకుండా కొలవరు. రాయి ఇవతలికి వస్తే ఊరు ఇవతలికి వస్తుంది, ఊరు వస్తే ఊరి పన్ను వస్తుంది. ఇది దొంగతనం కానే కాదని అతను తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. రాయిని ఎత్తుకుపోవడం లేదు కదా, కొంచెం జరుపుతున్నాడు, అంతే.

మర్నాడు పాలబండి రాకముందే పని మొదలుపెట్టాడు. గనిలో పెద్దపెద్ద మోటార్లను ఇనప పైపుల మీద దొర్లించడం అతను గేటు దగ్గర నిలబడి ఎన్నోసార్లు చూశాడు. గడ్డపారతో రాయిని పెకిలించి, ఇల్లు కట్టగా మిగిలిన పైపుముక్కల మీదికి ఒరిగించి, వెనక పైపు తీసి ముందు పెట్టుకుంటూ రోడ్డు దాటించాడు. ప్రహరీ పక్క సందులోంచి ఇంటి వెనక్కి చేర్చి, గోడ అవతల పాతేశాడు. ఆ తరువాత చీపురు పట్టుకుని, జాడలు మిగలకుండా రోడ్డంతా ఊడ్చాడు.

వాకిట్లోకి వచ్చిన బాలలక్ష్మి చేతిలోని బకెట్టు అలాగే ఆగిపోయింది.

"నీకేమన్న జరమొచ్చిందా? పెండ్లయినకాడికెల్లి చీపురు ముట్టలేనోడివి, రోడ్డు ఊడుస్తున్నవేంది?"

"స్వచ్ఛత" అన్నాడు ముత్యం.

టీ తాగుతుండగా కేక వినబడింది. కొత్తబాయిపల్లె శంకరవ్వ, మేకలు తోలుకుపోయే ముసలామె, గుంత ముందు నిలబడి గుండెలు బాదుకుంటోంది. పదినిమిషాల్లో ఊరు సగం రోడ్డు మీదికి వచ్చింది. ఇంకాసేపటికి మేకలే దారి చూపాయో, ముసలామె కళ్లే చూశాయో, రాయి ముత్యం ఇంటి వెనక దొరికింది. ఇక అయిపోయింది, సంచి అడుగున చెయ్యి పెట్టేశారు అనుకున్నాడు ముత్యం.

శంకరవ్వ మాత్రం రాయి ముందు సాగిలపడింది.

"నడిచొచ్చింది తల్లి! ఊరు పెరిగిందని పొలిమేర తల్లే నడిచొచ్చింది!"

ఎవరో పసుపు తెచ్చారు, ఎవరో కుంకుమ తెచ్చారు. కొబ్బరికాయ మాత్రం ముత్యం ఇంట్లోంచే వెళ్లింది, బాలలక్ష్మి ఇచ్చింది. ఊరి పెద్దమనిషి హనుమండ్లు కండువా సర్దుకుని అందరి ముందూ చెప్పాడు. "తల్లి యాడ నిలబడితే మన ఊరు ఆడిదాక. ముత్యమన్నా, ఇయ్యాల్టి సంది నువ్వు మా ఊరోనివి."

కంపెనీ కాలనీలో పొలిమేరలు ఉండవు. ఆ రాయి ఊరికి దేవతని, దానికి బలిగా పొలి అన్నం పెడతారని ముత్యానికి అప్పుడే తెలిసింది. అయినా లోపల సంబరపడ్డాడు. ఊరికి ఊరే సాక్ష్యం చెప్తుంటే మున్సిపాలిటీవాళ్లు కాదనగలరా? సాయంత్రం హనుమండ్లు మళ్లీ వచ్చేదాకా ఆ సంబరం నిలిచింది.

"మూడేండ్లకోపారి ఊరి నడుమ రాయికి చేసే బొడ్రాయి పండుగ ఈ ఎండలల్ల ఎట్లనన్న చెయ్యాల్సిందే. ఇగ తల్లే కదిలినంక ఆగుడెందుకని నెలాఖరు దినం పెట్టినం. ఇంటికింత చందా, సిమెంటు ఇల్లుకు ఇంకింత. ఇంటికో యాట. ఆడబిడ్డలందరిని పిలిచి చీరలు పెట్టాలె. నీకు ఆడబిడ్డలెందరే?"

"అక్కలు, చెల్లెండ్లు, బిడ్డలు అందరు గలిసి ఒక బస్సైతరు" అంది బాలలక్ష్మి, సంతోషంగా.

మేక ధర, చీరల ధర, చందా అన్నీ కలిపితే మున్సిపాలిటీ పన్ను సిగ్గుపడి పక్కకు తప్పుకుంటుంది. పండుగ మూడేళ్లకోసారి, పన్ను ఏటేటా అని ముత్యం సర్దిచెప్పుకున్నాడు. కాదనడానికి మాత్రం ధైర్యం చాలలేదు. కాదంటే ఎందుకు కాదంటున్నావని అడుగుతారు, అడిగితే తవ్వుతారు, తవ్వితే జమేదారు ముత్యం రాళ్లదొంగ అని తేలుతుంది.

అప్పటి నుంచి అతనికి నిద్ర కరువైంది. చూసిన ప్రతివాడూ తెలిసి చూస్తున్నట్టే ఉన్నాడు. పాలబ్బాయి "ఏం కాకా, నడుము పట్టుకున్నవ్?" అంటే పాలు మాన్పించేద్దామా అనుకున్నాడు. అన్నిటికంటే కరుణాకర్ నవ్వు అతణ్ణి పొడుచుకు తింటోంది. రాయి దొరికిన మర్నాడే కరుణాకర్ నేరుగా ఇంటికి వచ్చాడు.

"కాకా, మీ గడ్డపార జర ఇయ్యవా?"

"నా దగ్గర గడ్డపార లేదు."

కరుణాకర్ చూపు గోడవైపు పోయింది. అక్కడ గడ్డపార నిలబడి ఉంది, కొనకు ఎర్రమట్టి కూడా ఉంది.

"మరి గది?"

"అది నాది కాదు. ఎవరో పెట్టిపోయిండ్రు."

"ఎవలదైతేంది, సాయంత్రం తెచ్చిస్త" అని తీసుకుపోయాడు.

ముత్యం కిటికీ సందులోంచి చూస్తూనే ఉన్నాడు. గడ్డపారను సాక్ష్యంగా పెడతాడేమో అనుకుంటే, కరుణాకర్ రాయి ఉన్న గుంతను చదును చేసి, కారు లోపలికి పోవడానికి వీలుగా సిమెంటు పోసుకున్నాడు. ఇందులో కూడా ఏదో పన్నాగం ఉంటుందని ముత్యం తేల్చుకున్నాడు, ఏదో మాత్రం తేలలేదు.

పండుగ రోజు వచ్చింది. తెల్లవారుతూనే ఊరిచుట్టూ పొలి అన్నం చల్లి పొలిమేర కట్టారు. ఇక పొద్దు గూకేదాకా ఊళ్లోవాళ్లు గీత దాటకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు, ఊరి సొమ్ము పైసా కూడా బయటికి పోకూడదు. గీత ఇప్పుడు ముత్యం ఇంటి వెనక రాయి పక్కనుంచి పోతోంది. కాపలాకు ఎవరిని పెట్టాలన్న చర్చ రాగానే హనుమండ్లు తడుముకోలేదు.

"సెక్యూరిటీల చేసిన ముత్యమన్న ఉండంగ ఇంకోలెందుకు?"

ఈల, కర్ర తెచ్చి చేతికిచ్చారు. తను జరిపిన రాయి పక్కనే, దాన్నెవరూ జరపకుండా ముత్యం కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంటినిండా ఆడబిడ్డలు, పొయ్యిమీద యాట కూర. వాసన వస్తోంది గానీ గొంతు దిగేట్టు లేదు.

మధ్యాహ్నం దాటాక టౌను వైపునుంచి స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చింది. మున్సిపాలిటీ బిల్ కలెక్టర్ రేవతి. చేతిలో ట్యాబు, భుజాన టేపు.

"అంకుల్, మీ ఇల్లు కొలవాలె."

ముత్యం ఈల ఊదాడు. ఆ క్షణం కోసమే కదా ఇంత తిప్పలు.

"ఆడనే ఆగు బిడ్డా. పొలిమేర కట్టిండ్రు, లోపలికి రావద్దు. అయినా నువ్వు రావాల్సిన పనేలేదు. ఇగో రాయి. మీ మున్సిపాల్టి గా రాయికి అవుతల్నే. ఇది కొత్తబాయిపల్లె."

రేవతి రాయిని చూసి దండం పెట్టుకుంది, ట్యాబు చూసి నవ్వింది.

"మేం రాళ్లు చూడం అంకుల్, మ్యాపు చూస్తం. రాయి యాడున్నా రోడ్డుదాక మున్సిపాల్టే. మీ ఇల్లు టౌన్లనే ఉంది, ఎటు పోలే."

ముత్యం కర్రతో రాయిని మళ్లీ చూపించాడు.

"పన్ను కూడ కట్టలేనట్టుంది గద? ఇయ్యాలనే ఆఖరు. ఐదింటి లోపట కడితేనే తగ్గింపు."

"ఎట్ల కట్టాలె? నేను గీత దాటొద్దు. పైసలు గూడ దాటొద్దు."

"ఫోన్ల కట్టుండ్రి, నేను చూపిస్త."

"ఫోన్లనా?" ముత్యం జేబును గట్టిగా పట్టుకున్నాడు. "అండ్ల పైసలు యాడికి పోతయో ఎవనికి ఎరుక? నేను కట్ట."

ఈల విని హనుమండ్లు, వెనకే ఊరు వచ్చింది. రేవతి ఊరికే, మాటవరసకు అంది. "పోయిన నెల వచ్చినప్పుడు ఈ రాయి ఎదురింటి గేటు కాడ ఉండె గదా. ఎవరు జరిపిండ్రు?"

"ఎవలు జరపలే, నడిచొచ్చింది" అంది శంకరవ్వ.

"అట్లనా" అంది రేవతి. మర్యాదగానే అంది. కానీ గుంపులో సగం మంది ముఖాలు చూసుకున్నారు. వెనకనుంచి ఎవరో అన్నారు. "కారుకు అడ్డమొస్తుందని కరుణాకర్ ఎప్పుడు తిడుతుండె గద. రాయి పోయిన తెల్లారే ఆడ సిమెంటు పోసిండు."

అంతే. అందరి తలలూ కరుణాకర్ వైపు తిరిగాయి. నవ్వే మనిషికి మొదటిసారి నవ్వు రాలేదు.

"నాకేం ఎరుకలే, మా పిల్లల తోడు! పోయినంకనే నేను సిమెంటు పోసిన."

"తల్లిని పెకిలించినోని ఇంట్ల ముద్ద ముట్టద్దు" అన్నాడు హనుమండ్లు. ఎదురింటి మేడ మీద పంక్తిలో కూర్చున్న ఆడబిడ్డలు ఒక్కొక్కరే పళ్లేలు పక్కకు జరిపి లేచారు. కరుణాకర్ భార్య నవత కూరగిన్నె పట్టుకుని మెట్ల మీదే నిలబడిపోయింది. ఎవరికి వడ్డించాలో తెలియక ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

ముత్యం ఊరుకుంటే చాలు. ఎవరూ అతణ్ణి చూడటం లేదు. కావాల్సిన దొంగ దొరికాడు, పేరు భద్రంగా ఉంది. కానీ అన్నేళ్ల నౌకరీలో అతను ఎందరినో పట్టుకున్నాడు గానీ, చెయ్యని తప్పుకు ఒక్కణ్ణి కూడా గేటు దగ్గర నిలబెట్టలేదు. కుర్చీలోంచి లేచాడు.

"ఆని జోలికి పోకుండ్రి. రాయి జరిపింది నేనే."

బాలలక్ష్మి చేతిలో గరిటెతోనే బయటికి వచ్చింది.

"ఇంటిపన్ను తగ్గుతదని జరిపిన. పాలబండి రాకముందు ఒక్కన్నే జరిపిన. ఈ ముసలోని బుద్ధి గడ్డితిన్నది. మీరేం శిక్షేసినా సరే. ఇప్పుడే మల్ల ఆడ పెట్టొస్త." తలవంచుకున్నాడు. పేరుపోయింది. ఏడుపు వస్తుందేమోనని భయపడ్డాడు, వచ్చింది కూడా.

హనుమండ్లు అతన్ని కిందికీ పైకీ చూశాడు. "ఒక్కనివే జరిపినవా?"

"ఒక్కన్నే."

"మొన్న రోడ్డు వెడల్పు జేసేటప్పుడు నలుగురు మొగోళ్లు పట్టినా ఇంచు కదలలే గా రాయి."

"పైపుల మీద దొర్లిచ్చిన అన్నా. ఎనుక పైపు ముందట పెట్టుకుంట..."

"పైపుల మీదనట!" బాలలక్ష్మి రాయికి దండం పెట్టుకుంది. "ఇంట్ల నీళ్ల బిందె లేపుమంటే నడుమునొప్పి అని మూలుగుతడు. పోయిన్నెల గ్యాసు బండ లేపలేక ఎదురింటి పోరగాన్ని పిలిచిండు. ఈయన రాయి లేపిండా?"

శంకరవ్వ ముందుకొచ్చి ముత్యం ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"పిచ్చి కొడుకా, నువ్వు మోసినవనుకుంటున్నవా? తల్లే నీతోని మోయిచ్చుకుంది! పన్ను అన్న ఆశ గూడ ఆమెనే పుట్టిచ్చింది!"

"కాదవ్వా, పైపులు యాడున్నయో చూపిస్త..."

ఎవరూ పైపులు చూడటానికి రాలేదు. డప్పులు అందుకున్నాయి. ముత్యం నుదుటన ఎవరో పసుపు పూశారు, మెడలో వేపమండల దండ వేశారు. ఆడబిడ్డలు మళ్లీ వెళ్లి కరుణాకర్ ఇంట్లో పంక్తిలో కూర్చున్నారు. కరుణాకర్ వచ్చి కాళ్లకు మొక్కి నవ్వాడు. ఆ నవ్వును ముత్యం అలవాటు కొద్దీ రెండుసార్లు చూశాడు, ఈసారి ఏమీ దొరకలేదు.

హనుమండ్లు డప్పులు ఆపించి తీర్మానం చెప్పాడు. "తల్లిని మోసిన ఇల్లు. ఇగ తరతరాలు మొదటి యాట ముత్యమన్న ఇంటోళ్లే ఇయ్యాలె. చందా కూడ అందరి కన్న ముందు, అందరి కన్న ఎక్కువ. పండుగ ఇగ మూడేండ్లకు గాదు, ఏటేటా."

గీత అవతల స్కూటీ ఆనుకుని చూస్తున్న రేవతి గడియారం చూసుకుంది. "అంకుల్, ఐదు దాటింది. తగ్గింపు పాయె. రేపు వచ్చి కొలుచుకపోత, పూరా పన్ను కడుదురు" అని బండి స్టార్ట్ చేసింది.

మరునాడు ఆమె వచ్చి కొలిచింది, పన్ను రూపాయి తగ్గలేదు. ముత్యం కట్టి రసీదు తెచ్చుకున్నాడు. ఇప్పుడు అతను రెండు ఊళ్లకు పన్ను కడుతున్నాడు, ఓటు మాత్రం ఒక్కటే ఉంది.